వేడి మీద మడత

మంచినీళ్ల సీసా మూతని బొటనవేలితో టక్కున లేపుతాం, నాలుగు గుక్కలు తాగుతాం, మళ్ళీ టక్కున మూస్తాం. మూత ఊడిపోదు. పక్కనే వేలాడుతూ ఉంటుంది. అక్కడ మేకు లేదు, తీగ లేదు, జిగురు లేదు. మూత, సీసా మెడకి బిగిసే పట్టీ, రెంటినీ కలిపే సన్నటి పొర, అంతా ఒకే ముక్క. ఆ పొరనే కీలు అంటారు. కొత్త సీసా కొని మొదటిసారి మూత తెరిచినప్పుడు ఆ కీలుని మనమే తొలిసారి వంచుతున్నాం అనుకుంటాం. కాదు. మనకన్నా ముందే ఎవరో ఒకరు దాన్ని వంచి ఉంటారు. ఇరవై రెండేళ్లుగా అలా వంచుతూ వచ్చిన ఒకావిడ కథ ఇది.

ఆవిడని అందరూ ఏడో నంబరు అంటారు. పేరు లేక కాదు. హాజరు పుస్తకంలో రెండు ముక్కల చక్కటి పేరుంది. మూతల ఫ్యాక్టరీలో అన్నేళ్లు ఏడో నంబరు చీటీలతో పనిచేసేసరికి పేరు అరిగిపోయి నంబరు మిగిలింది. చివరికి ఇంట్లో అత్తగారు కూడా అదే పట్టుకుంది.

"ఏడో నంబరుగారు దయచేస్తే అన్నం తిందాం" అంటుంది అత్తగారు. ఆవిడ నోరు అంతే.

ఆ మూతలు పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. ఫ్యాక్టరీలో అంతా పీపీ అంటారు. సగ్గుబియ్యం లాంటి తెల్లటి గింజలు సంచుల్లో వస్తాయి. ఆ సంచులూ పీపీయే, సంచి మూతి కుట్టిన దారమూ పీపీయే. మనం కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ, ఇంజక్షన్ గొట్టం, బండి బ్యాటరీ పెట్టె, మోకు తాళ్లు, వేడినీళ్ల కెటిల్ పైతొడుగు, కారు ముందు బంపరు, అన్నిట్లోనూ అదే. ఏడో నంబరుని అడిగితే దాని గుణగణాలు సొంత చెల్లెలి గురించి చెప్పినట్టు చెబుతుంది.

"తేలిక. నీళ్లలో పడేస్తే తేల్తుంది, మునగదు. మరిగే నీళ్లు పోసినా సొట్టపడదు. యాసిడ్ పోసినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. జిగురు అంటదు, రంగు పట్టదు. మా అత్తయ్యకి మల్లేనే, ఏదీ అంటదు. ఎండలో పడేస్తే మాత్రం ఏడాదికల్లా పెళుసైపోతుంది. గడ్డకట్టే చలి పడినా అంతే, పట్టుకుంటే పుటుక్కుమంటుంది. కానీ దానికున్న అసలు గొప్ప ఇంకొకటుంది. వంగుతుంది. పద్ధతిగా మొదటి మడత వేశామా, లక్షసార్లు వంచినా విరగదు. వేరే ప్లాస్టిక్ ఏదైనా సరే, పదిసార్లకి పళ్లు ఇకిలిస్తుంది."

ఆ పద్ధతిగా వేసే మొదటి మడతే ఆవిడ ఉద్యోగం.

మిషను గింజల్ని కరిగించి అచ్చులోకి కొడుతుంది. ఇరవై సెకన్లకోసారి అచ్చు తెరుచుకుని పదహారు మూతలు నోరు తెరుచుకుని బెల్టు మీద పడతాయి. బెల్టు పక్కన వరసగా ఎనిమిది బల్లలు, ఎనిమిది మంది ఆడవాళ్లు. మూత ఇంకా వెచ్చగా ఉండగానే తీసుకుని, టక్కుమనేదాకా మూసి, తెరిచి, మళ్ళీ మూసి పెట్టెలో వేయాలి. అంతే పని. చూసేవాళ్లకి ఇదో పనా అనిపిస్తుంది. కీలు వెచ్చగా ఉన్నప్పుడు వంచితే లోపల ఉన్న పోగులన్నీ దువ్విన జుట్టులాగా ఒక వరసలోకి వస్తాయి. అప్పుడిక ఎన్నిసార్లు వంచినా ఆ వరస చెదరదు. చల్లారాక మొదటి మడత వేస్తే పోగులు చిక్కుపడే ఉంటాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది, కొన్నాళ్లు బాగానే పనిచేస్తుంది కూడా. ఆ తర్వాత కీలు మీద తెల్లటి గీత పడుతుంది, ఆ గీత వెంబడే చిరుగుతుంది. ఫ్యాక్టరీ భాషలో దాన్ని చల్లమడత అంటారు. కరెంటు పోయి బెల్టు ఆగిందంటే, దాని మీద ఉన్న మూతలన్నీ ఊడ్చి, ముక్కలుగా నలిపే తుక్కు మిల్లులో పోయాల్సిందే. వాటికి మడత వేయడం కన్నా పెద్ద తప్పు అక్కడ లేదు.

పెట్టెకి వెయ్యి మూతలు. పెట్టె నిండగానే మడిచిన మనిషి నంబరు చీటీ పైన వేసి అతికిస్తారు. ఏడో నంబరు చీటీ వేసిన పెట్టె ఇరవై రెండేళ్లలో ఒక్కటీ తిరిగి రాలేదు. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పుకోదు. చెప్పుకోదు అనే సంగతి మాత్రం అందరికీ చెబుతుంది.

కొన్ని లక్షల వేడి మూతలు పట్టుకున్నాక బొటనవేలి మీద చర్మం మడమలా మందమెక్కింది. పొయ్యి మీది గిన్నెని పట్టకారు లేకుండా దింపుతుంది. ఇంట్లో అందరికీ అదొక వింత. "మా కోడలి వేళ్లు కూడా ఫ్యాక్టరీ వాళ్లే చేసిచ్చారు" అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చూపించేది.

ఇక ఆ షెడ్డులో వేడి సంగతి. పైన రేకులు, ఎదురుగా మిషను. కరిగిన ప్లాస్టిక్ రెండువందల డిగ్రీలు దాటి ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి ఎనిమిది మందీ నీళ్లలో ముంచి తీసినట్టు ఉండేవాళ్లు. ఒక ఫ్యాను పెట్టించండి అని ఏడో నంబరు పదేళ్లపాటు అర్జీలు పెట్టింది. మిగతావాళ్లు సంతకాలు చేసేవాళ్లు, ఆవిడ రాసేది. పాత మేనేజర్లు ముగ్గురూ అర్జీ తీసుకుని "చూద్దాం" అన్నారు. చూస్తూ చూస్తూ ముగ్గురూ బదిలీ అయిపోయారు.

నాలుగో మేనేజరు కుర్రాడు. పెద్ద చదువు, ఇస్త్రీ చొక్కా, మంచి మనసు. వచ్చిన నెలలోనే అర్జీల కట్ట మొత్తం చదివాడు. అప్పటిదాకా అలాంటి పని ఎవరూ చేయలేదు కాబట్టి, గుమాస్తా ఆయనకి ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాడు. మరో పది రోజులకి బండి చక్రమంత గోడ ఫ్యాను వచ్చింది. బెల్టు చివర గోడకి బిగించారు. మేనేజరు రిబ్బను కత్తిరించి స్విచ్చి నొక్కాడు. ఎనిమిది మందినీ ఫ్యాను కింద నిలబెట్టి ఫొటో తీసి పై ఆఫీసుకి పంపాడు.

గాలి మొహానికి తగలగానే ఎనిమిదో నంబరు కళ్లు మూసుకుంది. ఆవిడ ఏడో నంబరుకి ఫ్యాక్టరీలో పదిహేనేళ్ల నేస్తం, నోటికి మూత లేని మనిషి.

"అక్కా, ఇది నువ్వు తెచ్చిన గాలి. నువ్వు దీని కిందే కూచోవాలి" అంది.

"నా బల్ల అక్కడుందిగా."

"బల్లకేం, కాళ్లున్నాయిగా. నేను నీ చోటుకి వస్తా, నువ్వు నా చోటుకి పో. పదేళ్లు రాసి రాసి చెయ్యి పడిపోయింది నీకు. ఇంకేం మాట్లాడకు."

మిగతా ఆరుగురూ ఆవిడ మాటే అన్నారు. బల్లలు మారాయి. ఏడో నంబరు బెల్టు చిట్టచివర, ఫ్యానుకి ఎదురుగా కూర్చుంది. గాలి ముందు ఆవిడకి తగిలి, ఆ తర్వాతే మిగతావాళ్ల దగ్గరికి వెళ్లేది. పైటకొంగు జెండాలా ఎగిరేది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి చెమట పట్టకుండా ఇంటికి వెళితే, అత్తగారు అనుమానంగా చూసి, "ఇవాళ పనికి వెళ్లలేదా?" అని అడిగింది.

రెండు నెలలు హాయిగా గడిచాయి.

మూడో నెల మొదట్లో ఒక సోమవారం, నీళ్ల సీసాల కంపెనీ నుంచి లారీలో పెట్టెలు తిరిగొచ్చాయి. ముప్ఫై ఒకటి. మూతలు ఊడిపోతున్నాయి, బడిపిల్లల సంచుల్లో నీళ్లు కారుతున్నాయి, పుస్తకాలు తడుస్తున్నాయి అని ఉత్తరం కూడా వచ్చింది. పెట్టెల మీద చీటీలు చూశారు. ముప్ఫై ఒకటీ ఏడో నంబరువే.

మేనేజరు ఆవిణ్ని గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. కూర్చోమన్నారంటే సంగతి బాగోలేదని ఆవిడకి అప్పుడే అర్థమైంది.

"ఏమ్మా, ఇలా అడగాలంటే నాకే బాగోలేదు. మూతలు మడుస్తున్నారా లేదా?"

"మడవకపోతే నోరు మూసుకుని పెట్టెలో ఎలా ఉంటాయి సారూ?"

"మడుస్తున్నారు, సరే. ఎప్పుడు మడుస్తున్నారు? బల్ల మీద కుప్ప పోసుకుని, కబుర్లు చెప్పుకుని, చల్లారాక అన్నీ ఒక్కసారి మూసేస్తున్నారా? ఇది చల్లమడత అని నేను చెప్పక్కర్లేదు మీకు." విరిగిన మూత ఒకటి ఆవిడ ముందుకి తోశాడు. కీలు మీద తెల్లటి గీత ఉంది.

ఏడో నంబరు మూత తీసుకుని చూసింది. అది చల్లమడతే. ఆవిడ కళ్లు తనకే ఎదురు సాక్ష్యం చెప్పాయి.

"నేను కుప్ప పోయలేదు సారూ. వచ్చింది వచ్చినట్టు మడిచాను."

"వయసు మీద పడితే చెయ్యి మందగించడం తప్పు కాదమ్మా. ఫ్యాను కింద కాస్త కునుకు పట్టినా పడుతుంది." ఆయన నిజంగానే జాలిగా అన్నాడు. అందుకే ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది. "వచ్చే సోమవారం నుంచి తుక్కు మిల్లు చూసుకోండి. జీతంలో ఏం మార్పు ఉండదు. ఏడో నంబరు చీటీలు మాత్రం స్టోర్లో ఇచ్చేయండి. కొత్తగా ఒకమ్మాయి వస్తోంది, ఆమెకి ఇస్తాం."

జీతం పోదు, కొలువు పోదు. పోయేది ఒక చీటీ, దాని మీద ఒక అంకె. ఇంటికొచ్చి సంగతి చెబితే భర్త, "పోన్లే, కూర్చుని చేసే పనేగా అదీనూ" అన్నాడు. ఓదార్పు మాటకి ఆవిడ అంత చిరాకు పడటం ఆయన అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

అత్తగారు మాత్రం ఓదార్చలేదు. మంచం పక్కనుంచి ఒక నీళ్ల సీసా తీసి కోడలి ఒళ్లో పడేసింది.

"చెప్పనా వద్దా అని ఇన్నాళ్లూ ఊరుకున్నా. నువ్వు మడిచి, సీసాకి పెట్టి తెచ్చిన మూతేగా ఇది? మూడు వారాలకే ఊడింది."

అత్తగారి సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ఆవిడకి కోపం వస్తే సీసా మూత టక్కు టక్కుమని తెరిచి మూస్తూ ఉంటుంది. కోపం ఆవిడకి పొద్దున లేచిందగ్గర నుంచీ వస్తుంది. కోడలు ఆరేళ్ల కిందట తెచ్చిచ్చిన పాత సీసా మూత ఆ ఆరేళ్ల కోపాన్నీ భరించి చెక్కుచెదరలేదు. అడుగు చిల్లిపడి ఆ సీసా పోయింది తప్ప మూత పోలేదు. ఫ్యాక్టరీలో మూతల్ని పరీక్షించడానికి ఒక మనిషి ఉన్నాడు గానీ, అత్తగారంత కఠినమైన పరీక్ష అక్కడ కూడా లేదు.

"ఈ సీసా ఎప్పుడు తెచ్చాను అత్తయ్యా?"

"నీకు గాలి తగలడం మొదలయ్యాక. నువ్వు పాటలు పాడుకుంటూ వచ్చావే, ఆ వారం."

ఏడో నంబరు మూతని దీపం వెలుతురుకి పెట్టి చూసింది. కీలు మీద అదే తెల్లటి గీత.

మర్నాడు పనిలోకి వెళ్లాక బెల్టు మీద నుంచి ఒక మూత తీసింది. ఎప్పట్లాగే వేళ్లతో పట్టుకుంది. వేళ్లకి ఏమీ తెలియలేదు. వేడిగా ఉందో చల్లగా ఉందో ఆ వేళ్లు చెప్పడం మానేసి ఎన్నేళ్లయిందో ఆవిడకే గుర్తులేదు. పసిపిల్లల పాల వెచ్చదనం చూసే తల్లిలా, మూతని మణికట్టు లోపలివైపు ఆనించింది. కీలు చల్లగా ఉంది. ఇంకోటి తీసింది. అదీ చల్లనే. లేచి బెల్టు వెంట నడుచుకుంటూ వెళ్లింది. మూడో నంబరు దగ్గర ఒకటి ఆనించింది, వెచ్చగా ఉంది. ఐదో నంబరు దగ్గర కొంచెం తక్కువ వెచ్చగా ఉంది. ఎనిమిదో నంబరు దగ్గర గోరువెచ్చగా ఉంది. తిరిగి తన చోటుకి వచ్చింది. పైటకొంగు రెపరెపలాడింది.

పదేళ్లు అర్జీలు పెట్టి తెప్పించుకున్న గాలి, ఆవిడ చేతికి మూత అందేలోపు దాన్ని చల్లార్చి ఇస్తోంది.

టీ వేళకి ఎనిమిదో నంబరుని పక్కకి పిలిచి అంతా చెప్పింది. ఎనిమిదో నంబరు టీ గ్లాసు కింద పెట్టలేదు, తాగనూ లేదు.

"అక్కా, ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?"

"నీకే మొదట."

"అయితే నాతోనే ఆపెయ్యి."

"ఆపేస్తే నా నంబరు పోతుందే."

"నంబరు పోతే పోయింది. నంబరేమైనా అన్నం పెడుతుందా? ఫ్యాను తప్పని చెప్పావనుకో, సాయంత్రానికల్లా పీకి పారేస్తారు. ఈ రెండు నెలలూ నా పిల్లలు నన్ను చూసి, అమ్మా నువ్వు అరవట్లేదేంటి అని అడుగుతున్నారు తెలుసా? ఎనిమిది మంది ఒళ్లు చల్లబడింది, ఎనిమిది ఇళ్లు చల్లబడ్డాయి."

"ముప్ఫై ఒక్క పెట్టెలు తిరిగొచ్చాయే. నేను కునుకు తీశానంటున్నాడు."

"తీశావనుకోనీ. నిద్రపోవడం హత్యేం కాదుగా."

"నేను పోలేదు."

"నాకు తెలుసు. నాకు తెలిస్తే చాలదా నీకు?"

ఏడో నంబరుకి చాలలేదు. ఎనిమిదో నంబరు గ్లాసులో టీ అంతా నేల మీద పారబోసి, ఒక్క మాట కూడా అనకుండా వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు మాట లేకుండా వెళ్లడం ఆవిడ చరిత్రలో అదే మొదలు.

ఆ తర్వాత రెండు రోజుల్లో సంగతి ఎనిమిదో నంబరు ద్వారా మిగతా ఆరుగురికీ చేరింది. ఆవిడ నోటికి మూత లేదని ముందే చెప్పాను. వాళ్లంతా ఏడో నంబరు వైపు చూడకుండా, గాలి వైపు మొహాలు పెట్టుకుని మూతలు మడిచారు.

శుక్రవారం పొద్దున్నే ఏడో నంబరు మూతల పరీక్ష గదికి వెళ్లింది. అక్కడ ఉండే పెద్దాయన్ని లెక్కల తాత అంటారు. ప్రతి పూటా ఐదు మూతలు తీసి, ఒక్కోటి వందసార్లు తెరిచి మూసి, విరగకపోతే "బాగుంది" అని రాయడం ఆయన పని. రెండు నెలలుగా పాడైన మూతలన్నిటికీ ఆయన "బాగుంది" అనే రాశాడు.

"తాతా, వంద దాటి ఎప్పుడూ చూడలేదా?"

"వంద చూడమన్నారు. నూటొకటి చూడమని ఎవరైనా రాసిచ్చారా? నియమం అంటే నియమం."

"నేను రాసిస్తా. ఇవాళ లెక్కపెట్టు, విరిగేదాకా."

"విరక్కపోతే?"

"రిటైరయ్యేదాకా లెక్కపెట్టు."

తాతకి ఆ మాట నచ్చింది. ఇన్నేళ్లలో ఆయన్ని ఎవరూ వంద దాటనివ్వలేదు.

ఏడో నంబరు మేనేజరుని చేయి పట్టుకున్నంత పనిచేసి ముందు బెల్టు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన చూస్తుండగానే మిషను నోటి దగ్గర ఒక మూత తీసి అక్కడికక్కడే మడిచింది. ఫ్యాను ముందు ఇంకోటి తీసి మడిచింది. పరీక్ష గదికి వచ్చి రెండూ తాత చేతుల్లో పెట్టింది, కుడిచేతిలో వేడిది, ఎడమచేతిలో చల్లది. తాత మొదలెట్టాడు. టక్కు, టక్కు. వంద దాటినప్పుడు కొంచెం వణికాడు, కొత్త ఊరి పొలిమేర దాటినవాడిలా. మూడువందల యాభై దగ్గర ఎడమచేతి మూత మీద తెల్లటి గీత మొదలైంది. నాలుగువందల పద్దెనిమిది దగ్గర మూత ఊడి మేనేజరు బూటు మీద పడింది. కుడిచేతిది ఆగలేదు. తాత వెయ్యి దాటాడు, పదిహేను వందలు దాటాడు. రెండువేల దగ్గర చెయ్యి మార్చుకోవడానికి అనుమతి అడిగాడు.

"చాలు తాతా" అన్నాడు మేనేజరు.

"నాకు చాల్లేదు బాబూ" అన్నాడు తాత.

మేనేజరు రెండు మూతల్నీ వెలుతురుకి పెట్టి చూశాడు. ఆయన పెద్ద చదువు చదివాడు కాబట్టి అర్థం చేసుకోవడానికి నిమిషం కూడా పట్టలేదు. పోగుల అమరిక గురించి, ఉష్ణోగ్రత గురించి, గాలి వేగం గురించి గబగబా చెప్పుకుపోయాడు. ఏడో నంబరు శ్రద్ధగా విని, "అదే సారూ నేనన్నది" అంది.

"అయితే ఫ్యాను తీసేయాలి" అన్నాడాయన. వెంటనే నాలుక కరుచుకున్నాడు. ఫ్యాను ఫొటో పై ఆఫీసులో గోడకి పెట్టారు. కార్మికుల బాగోగుల కింద అన్ని ఫ్యాక్టరీలకీ నమూనాగా పంపారు. ఇప్పుడు ఆ ఫ్యాను వల్లే ముప్ఫై ఒక్క పెట్టెలు పోయాయని రాస్తే రిబ్బను కత్తిరించిన చెయ్యే సంతకం పెట్టాలి.

"ఫ్యాను తీయొద్దు సారూ," అంది ఏడో నంబరు. "నా బల్ల తీయండి. మిషను నోటి దగ్గర వేయండి. మిగతావాళ్లని కాస్త ముందుకి జరపండి, గోడ పక్క బెల్టు ఖాళీగా వదిలేయండి. గాలి వాళ్లకి తగులుతుంది, మూతల్ని చల్లార్చేంత తగలదు."

"మిషను నోటి దగ్గర మనిషి ఎలా కూర్చుంటారమ్మా? నిప్పుల కొలిమి అది."

"ఫ్యాను లేనప్పుడు ఎలా కూర్చున్నామో అలాగే."

ఆయన పెన్ను మూత తీశాడు. "బల్ల సంగతి సరే. కంపెనీకి ఏం రాయాలి? కారణం అడుగుతారు. ఫ్యాను అని రాయలేను."

"నేను నిద్రపోయానని రాస్తే ఒప్పుకోను."

"ఛ ఛ, అలా రాయను." చాలాసేపు పెన్ను కొరికాడు. చివరికి ఆయన మొహం వెలిగింది. "శిక్షణ లోపం అని రాద్దాం. ఎవరి మీదా తప్పు పడదు. సోమవారం అందరికీ ఒక అరగంట క్లాసు పెడతాను. సంతకాలు తీసుకుంటాను. ఏడో నంబరు మీ దగ్గరే ఉంటుంది."

బయటికొచ్చేసరికి ఎనిమిదో నంబరు గుమ్మం పక్కనే నిలబడి ఉంది. అంతా వినేసినట్టుంది.

"ఫ్యాను ఉంటుందా?"

"ఉంటుంది."

"నువ్వు?"

"నేను మిషను దగ్గరికి."

ఎనిమిదో నంబరు ఏదో అనబోయి, నోరు మూసుకుని, మళ్ళీ తెరిచింది. "పిచ్చిదానివే అక్కా నువ్వు. మధ్యమధ్యలో వచ్చి నా దగ్గర గాలి తిని పో. రాకపోతే నేనే వచ్చి నిన్ను జుట్టు పట్టుకుని లాక్కొస్తా."

సోమవారం క్లాసు జరిగింది. మిషను నోటి దగ్గర కొత్తగా వేసిన ఏడో నంబరు బల్ల చుట్టూ ఎనిమిది మందినీ నిలబెట్టి, మేనేజరు పలక మీద బొమ్మ గీశాడు. చిక్కుపడ్డ పోగులు ఒక పక్క, దువ్విన పోగులు ఒక పక్క. "మూత వెచ్చగా ఉండగానే మొదటి మడత వేయాలి" అని పెద్ద అక్షరాలతో రాశాడు. రెండు నిమిషాలకే ఇస్త్రీ చొక్కా వీపుకి అంటుకుపోయింది. సుద్దముక్క చెమటకి తడిసి రాయడం మానేసింది. అయినా ఆపకుండా, మనసు పెట్టి చెప్పాడు.

తర్వాత కాగితం తిప్పాడు. "పై విషయంలో నాకు మొదటిసారిగా శిక్షణ ఇవ్వబడింది" అని ఉంది. ఏడుగురు సంతకాలు చేశారు. కాగితం ఏడో నంబరు దగ్గరికి వచ్చింది.

"ఎవరికైనా సందేహాలున్నాయా?" అని అడిగాడు మేనేజరు, మొహం తుడుచుకుంటూ.

"ఒకటుంది సారూ" అంది ఏడో నంబరు. "ఇరవై రెండేళ్ల నుంచి వేసిన మడతలు లెక్కలోకి వస్తాయా? లేకపోతే ఇవాళ్టి నుంచి కొత్తగా మొదలా?"

ఎనిమిదో నంబరు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేనేజరు అది వేళాకోళమా, నిజంగా సందేహమా అన్నది తేల్చుకోలేక కాగితం వైపు చూశాడు, పలక వైపు చూశాడు.

"కాగితం ప్రకారం... ఇవాళ్టి నుంచేనమ్మా."

"మంచిది సారూ."

పేరు రాసి, పక్కన ఏడు అని అంకె వేసింది. అచ్చు తెరుచుకుంది, పదహారు మూతలు పడ్డాయి. ఒకటి తీసుకుంది. వేళ్లని నమ్మకుండా మణికట్టుకి ఆనించి చూసుకుంది. చురుక్కుమంది. టక్కున మూసి, తెరిచి, మూసి పెట్టెలో వేసింది.

"ఒకటి" అంది, అందరికీ వినపడేట్టు.